పేరు కోరని వైద్యుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

జైనధర్మము గృహస్థులకు విధించిన నాలుగు దానములలో ఔషధదానము ఒకటి. ఆహారము ఆకలి తీర్చును. అభయము ప్రాణికి ధైర్యమిచ్చును. శాస్త్రము అజ్ఞానమును పోగొట్టును. ఔషధము వీటికన్నిటికి ఆధారమైన దేహమును నిలుపును. వర్తకులు ధర్మవైద్యశాలలు కట్టించి, మందులు కొని పంచి ఈ దానము చేయుచుందురు. తన ఆయుస్సునంతయు ఖర్చుపెట్టి మందునే కనిపెట్టి లోకమునకిచ్చినవారు అరుదు. అట్టివారిలో ఒకరు మన తెలుగుబిడ్డ కీర్తిశేషులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

రాజపాళయమునందును, దాని చెంతనున్న ఛత్రపట్టియందును మగ్గములపై నేయబడు బ్యాండేజి గుడ్డ ఎన్నో ఊళ్ళ ఆసుపత్రులకు పోవుచున్నది. ఇచట తెలుగు మాటలాడు రాజుల పూర్వులు కొన్ని శతాబ్దుల క్రిందట ఉత్తరమునుండి వచ్చి స్థిరపడినవారు. సుబ్బారావుగారు పుట్టిన భీమవరమును, ఈ రాజపాళయమును ఆనాడు ఒకే చెన్నపురి రాజధానిలోనివి. ఇచటి గుడ్డ ఏ ఆసుపత్రి అలమరలో చేరునో, ఆ అలమరలోనే సుబ్బారావుగారి పరిశోధనవలన పుట్టిన మందుబిళ్ళలును ఉండును. గుడ్డ మీద నేసినవాని పేరుండదు. ఆ బిళ్ళల మీదను ఆయన పేరు లేదు.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఇంట ఏడుగురు సంతానము. తండ్రి అనారోగ్యముచే ముందుగానే ఉద్యోగము వదలుకొనుటతో సంసారము ఇబ్బందులలో పడెను.

బాలునికి పదమూడేండ్ల ప్రాయమున ఒక వ్యాపారపు ఆలోచన తోచెను. కాశీకి పోయి, అచట యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడించవలెనని ఇల్లు విడిచి బయలుదేరెను. పెద్దలు దారిలోనే పట్టి వెనుకకు తెచ్చిరి. తల్లి కోపించి, చదువు తప్ప వేరు దారి లేదని చెప్పి రాజమహేంద్రవరపు బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమార్లు తప్పెను. ఇంతలో తండ్రి కాలము చేసిరి. ఆ తల్లి తన నగలు అమ్మి కుమారుని చెన్నపురికి పంపగా, హిందూ హైస్కూలునుండి మూడవమారు పరీక్ష నెగ్గెను. రెండుమార్లు పరీక్ష తప్పిన పిల్లవాడు ఎందుకును పనికిరాడని తలచు తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువునపుడు ఆయన మనసు సన్న్యాసము వైపు మొగ్గెను. రామకృష్ణ మఠమున చేరగోరిరి. తల్లి ససేమిరా ఒప్పుకొనలేదు. వైద్యము చదివినచో రోగులకు సేవ చేయవచ్చునను మాట ఆయనకు నచ్చి, మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. 1919లో శేషగిరిగారితో వివాహమయ్యెను. చదువు ఖర్చులకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చేయూతనిచ్చిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోనికి సైతము ఖద్దరు అంగీతో పోవ మొదలిడిరి. తెల్లదొరయగు ఆచార్యునకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలు బాగుగనే చేసినను ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. దానితో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. ఒక గుడ్డముక్క కొరకు అంత నష్టపడిరి. గుడ్డవ్యాపారము చేయువారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంటిలోని మృత్యువు

ఆ కాలమునందే ఆ కుటుంబముపై పిడుగు పడెను. సుబ్బారావుగారి అన్న పురుషోత్తముగారు, తమ్ముడు కృష్ణమూర్తిగారు కొద్దిదినముల తేడాతో ఒకే జబ్బున మరణించిరి. ఆంగ్లవైద్యులు దానిని ట్రాపికల్ స్ప్రూ అందురు. విరేచనములు ఆగవు. నాలుక పూచి మంటలెత్తును. తిన్నది ఒంటికి పట్టక రక్తము క్షీణించి రోగి శుష్కించిపోవును. వైద్యము చదివినవాడు ఇంటిలోనుండియు సోదరులను కాపాడుకొనలేకపోయెను. పుస్తకములలో దానికి మందు లేదు.

ఆ వ్యాధి తుదకు ఆయననే పట్టెను. ఆయుర్వేద పండితులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బ్రదికి బయటపడిరి. పిమ్మట మద్రాసులోని వారి ఆయుర్వేద కళాశాలయందే శరీరశాస్త్రము బోధించుచు వచ్చిరి. మన మూలికలలోని గుణము ఎచటనున్నదో, ఏ పదార్థము రోగమును మాన్పుచున్నదో విడదీసి చూపవలెనను తపన అచట కలిగెను. అందుకు తగిన పరిశోధనశాలలు అమెరికాలో కలవని తెలిసి, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోవ నిశ్చయించుకొనిరి.

వర్తకుని ధర్మము పంపిన విద్యార్థి

ప్రయాణమునకు ధనమెట్లు? మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సహాయము చేసెను. ఈ సత్యలింగ నాయకరుగారు పేదయింట పుట్టి, రంగూనుకు పోయి వ్యాపారమున విశేషముగ ఆర్జించి, ఆ సొమ్మును విద్యాదానమునకు, అన్నదానమునకు వ్రాసిపోయిన వర్తకులు. వారు చనిపోయిన తరువాత వారి సొమ్ము ఒక తెలియని కుర్రవానిని ఓడ ఎక్కించెను. దాని ఫలము లోకమంతటికి అందినది. ఏ వ్యాపారి ఖాతాలోను ఇంతకంటె మంచి రాబడి వ్రాయబడియుండదు.

1923 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. చేతిలోని పైకము స్వల్పము. ఎల్.ఎం.ఎస్. పట్టముతో అచట వైద్యుడుగా పనిచేయ వీలులేదు. పగలు ఉష్ణదేశపు వ్యాధుల విద్య చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపు పాత్రలు కడుగు పని చేసి పొట్టపోసికొనిరి. బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన వైద్యుడు ఆ పనిని చిన్నతనముగ నెంచలేదు. రోగులకు చేయు పరిచర్యను మన శాస్త్రములు వైయావృత్యమని పేరిడి తపస్సులలో చేర్చినవి.

ఆయన పయనమైన తరువాత స్వదేశమున శేషగిరిగారికి కుమారుడు కలిగెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడలేదు. ఏడాది నిండకముందే ఆ పసివానికి ఎరిసిపెలస్ అను చర్మవ్యాధి సోకెను. చర్మమునందు సూక్ష్మక్రిములు ప్రవేశించి, ఎర్రగా కందిపోయి, వాచి, జ్వరముతో ప్రాణము మీదికి తెచ్చు జబ్బు అది. నేడు కొద్దిదినముల మందుతో నయమగును. ఆనాడు మందు లేదు. బిడ్డ దక్కలేదు. సోదరులు ఒక జబ్బునకు, కుమారుడు మరియొక జబ్బునకు ఆహుతియైరి. ఈ రెండింటి మాట ఆయన జీవితమున మరల మరల వచ్చుచుండును.

హార్వర్డు దినములు

హార్వర్డులో సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద జీవరసాయన పరిశోధనకు కుదిరిరి. 1925లో వీరిద్దరి పేర రక్తమునందును, మూత్రమునందును ఎంత భాస్వరమున్నదో కొలుచు పద్ధతి ప్రకటింపబడెను. రసాయనము కలిపినపుడు వచ్చు నీలిరంగు గాఢతనుబట్టి లెక్క తేల్చుట అందలి కిటుకు. త్రాసు లేక రంగుతో తూచుట వంటిది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అను పేరుతో అది పాఠ్యపుస్తకములకెక్కెను. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు ప్రకటించిరి. జర్మనీలో కార్ల్ లోమన్ సైతము అదే కాలమున ఏ.టి.పి.ని కనుగొనెను. మనము చేయి కదపినను, గుండె కొట్టుకొన్నను ఖర్చగు శక్తి ఈ పదార్థము నుండియే వచ్చును. అది శరీరపు చిల్లర నాణెము వంటిది.

1930లో డాక్టరేటు లభించెను. అయినను విశ్వవిద్యాలయమున స్థిరమగు ఆచార్యపదవి దక్కలేదు. ఆయన శ్రమించి వేరుచేసిన కొన్ని పదార్థముల సంగతి బయటికి రాక మరుగున పడిపోవుటచే ఇతరులు ఏండ్ల తరువాత వానిని మరల కనుగొనవలసి వచ్చినదని, ఆయన సహవిద్యార్థియు తరువాత నోబెలు బహుమానము పొందినవారును అగు జార్జి హిచింగ్సుగారు చెప్పియున్నారు. సుబ్బారావుగారు ఎవరిపై ఫిర్యాదు చేయలేదు. తనకు రావలసిన వాటాను గురువు పేరనే ఉంచి, పదియేండ్లు అచటనే శ్రమించిరి.

కాలేయము నుండి కర్మాగారమునకు

ఆ దినములలో రక్తహీనతలో ఒక విధమగు దానికి పశువుల కాలేయమును తినిపించుటే చికిత్స. అమెరికా వైద్యులు మైనాటు, మర్ఫీలు 1926లో దీనిని స్థాపించి, 1934లో నోబెలు బహుమానమందిరి. మాంసము ముట్టనివారు దీనికేమి చేయవలెను? ఈ ప్రశ్న మనవారికి క్రొత్తది కాదు. రమారమి తొమ్మిదవ శతాబ్దమున తెలుగునాటి రామగిరిలో ఉండి కల్యాణకారకమను వైద్యగ్రంథమును రచించిన జైనాచార్యులు ఉగ్రాదిత్యులవారు మద్యమాంసమధువులు లేకయే చికిత్స సాగవలెనని వాదించిరి.

సుబ్బారావుగారు 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లే ప్రయోగశాలలో చేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి అయిరి. కాలేయమునందలి గుణకారియగు పదార్థములలో ఒకదానిని వేరుచేసి, దాని కూర్పు తెలిసికొని, రసాయనముల నుండియే తయారుచేయుటకు పెద్ద బృందమును నడిపిరి. అదియే ఫోలిక్ ఆమ్లము. ఆకు అను అర్థముగల లాటిను మాటనుండి ఆ పేరు వచ్చెను. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి దానిని రవంత తీసిరి. అంతకు పూర్వము బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అను వైద్యురాలు దాని జాడ పట్టియుండెను. 1945లో లెడర్లే బృందము దానిని కృత్రిమముగ తయారుచేసి ప్రకటించెను. ఏ పశువును చంపనక్కర లేకపోయెను.

అలబామాలో టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని రోగులకిచ్చి చూడగా రక్తము పట్టెను. స్ప్రూ రోగులును కోలుకొనిరి. అన్నదమ్ములు పోయిన పాతికేండ్లకు ఆ జబ్బునకు మందు లభించినది. గర్భిణీ స్త్రీలకు ఆరోగ్యకేంద్రములలో ఇనుపధాతువుతో కలిపి ఇచ్చు బిళ్ళలో ఉండునదియు ఇదే.

ఇచట శాకాహారులు తెలిసికొనవలసిన మాట కలదు. చాతుర్మాస్యమున ఆకుకూరలు విడిచిన కుటుంబములు సెనగలు, పెసలు, కంది వంటి పప్పుధాన్యములు తగినంత తీసికొన్నచో ఫోలేటు లోపము రాకుండును. బి12 విటమిను సంగతి వేరు. అది ఆకులలోగాని పప్పులలోగాని లేదు. పాలు, పెరుగులలో కొంత గలదు. బి12 లోపమున్న వారికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము మెరుగుపడినట్లు కనబడినను నరముల బలహీనత లోలోన పెరుగును. అందుచే కాళ్ళు చేతులు తిమ్మిరులెక్కువారు రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. బి12 మాత్రలను సూక్ష్మక్రిములను పులియబెట్టి తయారుచేయుదురు గనుక మాంసమన్న సంశయమునకు తావులేదు. గొట్టపు పొరలో జిలాటిను ఉన్నదేమో మాత్రము అడిగి తెలిసికొనవచ్చును.

చర్మరోగులకు కలిగిన మేలు

ఫోలిక్ ఆమ్లము లేనిదే జీవకణములు వృద్ధిపొందవు. అట్లయిన, దానిని అడ్డగించు పదార్థము నిచ్చినచో విపరీతముగ పెరుగు కణములను ఆపవచ్చును గదా! బోస్టనులో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు కేన్సరుతో మరణించు బాలురకై ఇట్టి మందును కోరగా, సుబ్బారావుగారి బృందము అమినోప్టెరిన్ అనుదానిని తయారుచేసి 1947 చివర పంపెను. 1948లో ఫార్బరు ప్రకటించిన పదహారుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి తగ్గుముఖము పట్టెను. ఆ గుణము తాత్కాలికమే అయినను, కేన్సరును మందుతో ఎదుర్కొనవచ్చునని లోకమునకు తెలిసెను. దానికంటె తక్కువ విషముగల సోదరమందు మెథోట్రెక్సేటు.

1951లో గబ్నరు మొదలగు వైద్యులు కీళ్ళవాతమునకు అమినోప్టెరిన్ ఇచ్చుచుండగా, సోరియాసిస్ ఉన్న రోగి ఒంటిమీది పొలుసులు సైతము మాయమగుట గమనించిరి. చర్మపు పైపొర కణము అడుగున పుట్టి పైకి వచ్చి రాలుటకు మామూలుగా ఒక నెల పట్టును. సోరియాసిస్‌లో కొద్దిదినములలోనే జరిగి, పచ్చికణములు తెల్లని పొలుసులై గుట్టలు పడును. ఆ వేగమును ఈ మందు తగ్గించును. 1970ల మొదటినుండి అమెరికా ప్రభుత్వ అనుమతితో మెథోట్రెక్సేటు సోరియాసిస్‌కు వాడుకలోనికి వచ్చెను.

ఈ జబ్బు అంటుకొనదు. ముట్టుకొన్నను, ఒకే పళ్ళెమున తిన్నను, ఒకే పడకపై పరుండినను రాదు. అయినను పెండ్లిసంబంధములు చెడునని ఇంటిలో దాచి, చికిత్స ఆలస్యము చేయు కుటుంబములు కలవు. దాచినకొలది కీళ్ళకును పట్టవచ్చును. మెథోట్రెక్సేటు వారమునకు ఒక్కమారు మాత్రమే వాడునది. దినదినము మ్రింగి ప్రాణాపాయము తెచ్చుకొన్నవారు కలరు. కాలేయమునకు, రక్తమునకు పరీక్షలు చేయించుకొనుచు వైద్యుని ఆజ్ఞ ప్రకారము వాడవలెను. గర్భిణులు ముట్టరాదు. ఈ మందు వాడువారికి దాని తీవ్రత తగ్గించుటకు వైద్యులు ఫోలిక్ ఆమ్లపు బిళ్ళను కూడ వ్రాయుదురు. ఒక చీటిలో వ్రాయబడు ఆ రెండు మందులును ఒకే బృందపు కృషి. చీటి వ్రాయు వైద్యునకు సైతము ఇది జ్ఞప్తిలో ఉండకపోవచ్చును.

బోదకాలు, బంగారు మందు

రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకెను. దానికై లెడర్లేలో జరిగిన వెదకులాటలో హెట్రజాన్, అనగా డైఇథైల్‌కార్బమజీన్ లభించెను. 1947లో ప్యూర్టోరికో దీవిలో రోగులకిచ్చి ప్రకటించిరి. గోదావరి తీరమునను, కుంభకోణపు ప్రాంతమునను బోదకాళ్ళతో బాధపడినవారికి ఇది వరమయ్యెను. భారత ప్రభుత్వము 1955లో ఫైలేరియా నివారణ కార్యక్రమము ప్రారంభించెను. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఏటేట ఇంటింటికి పంచిన బిళ్ళలలో ఇదియే ముఖ్యమైనది. ఇది రక్తములోని పురుగుపిల్లలను చంపును. ఒకమారు ఏనుగుకాలై గట్టిపడిన చర్మమును మాత్రము పూర్వపు స్థితికి తేజాలదు. అట్టివారు కాలిని దినము సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులను పొడిగా ఉంచుకొన్నచో పుండ్లు, జ్వరములు తగ్గును.

మట్టిలోని సూక్ష్మజీవుల నుండి మందు తీయు పనికై డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుని లెడర్లే చేర్చుకొనెను. మిస్సోరీ రాష్ట్రపు పొలములోని మట్టినుండి బంగారువన్నె సూక్ష్మజీవి ఒకటి ఆయనకు చిక్కెను. 1948లో ఆరియోమైసిన్ అను పేరుతో ప్రకటితమైన ఆ మందు టెట్రాసైక్లిను జాతి మందులలో మొదటిది. సూదితో పని లేక నోటితోనే వాడదగినది. పెన్సిలినుకు లొంగని క్రిములను సైతము చంపినది. ఆ జాతిలోని డాక్సీసైక్లినును మొటిమలకును, పొదలలోని చిన్నపురుగు కుట్టి చర్మముపై నల్లని మచ్చతో జ్వరము తెచ్చు స్క్రబ్ టైఫస్‌కును వాడుదురు. 1994లో సూరతు నగరమున ప్లేగు పుట్టినపుడు వేలకొలది ప్రజలకు పంచినవి టెట్రాసైక్లిను మందులే. ఆనాడు ఆ నగరమున మన వర్తక కుటుంబములు ఎన్ని ఉండెనో చెప్పనక్కరలేదు. చర్మమునంటిన క్రిమివలన పసికూనను కోల్పోయిన తండ్రి, క్రిముల పాలిటి మందు బయటికి వచ్చుట కన్నులార చూచెను.

చూచినది కొద్దిదినములే. 1948 ఆగస్టులో, యాబది మూడేండ్ల ప్రాయమున, ఒకనాటి రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు పరమపదించిరి. స్వదేశమునకు తిరిగి రానేలేదు. అమెరికా పౌరుడును కాలేదు. శేషగిరిగారు ఎదురుచూచుచునే మిగిలిరి. ఆయన కీర్తిని లెక్కించునపుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యమును ఆ ఖాతాలోనే వ్రాయవలెను.

తరువాతి సంగతులు

1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరిడిరి. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వము తపాలబిళ్ళ విడుదల చేసెను. మనవారు గుర్తుంచుకొనదగిన సంగతి మరొకటి. లెడర్లేకు యజమానియగు అమెరికన్ సయనమిడ్ కంపెనీ సహకారముతోనే, ఆనందజీ కల్యాణజీ పేఢీని నడిపిన అహమ్మదాబాదు శ్రావకులు శ్రీ కస్తూర్‌భాయి లాల్‌భాయిగారు నేటి గుజరాతులోని వల్సాడు చెంత అతుల్ అను కర్మాగారమును నెలకొల్పిరి. 1952లో నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. ఒక వర్తకుని ధర్మముతో ఓడయెక్కి పోయిన తెలుగువాడు పనిచేసిన సంస్థయొక్క విద్య, మరియొక వర్తకుని దీక్షతో తిరిగి మన గడ్డకు చేరినది.

అపరిగ్రహము ధనమునకు మాత్రమే చెందినది కాదు. పేరుపై మమకారమును విడుచుట అంతకంటె కష్టము. ధర్మశాల కట్టి చలువరాతిపై పేరు చెక్కించుకొనుట తప్పుగాదు. అయితే ఏటేట ఒక పేదవిద్యార్థి చదువునకు, అతడెవరో ఏమగునో తెలియకయే, కొంత సొమ్ము విడిచిపెట్టు కుటుంబము ఊరికొకటి ఉన్నను చాలును. సత్యలింగ నాయకరుగారు సుబ్బారావుగారిని చూడలేదు. సుబ్బారావుగారు తన మందుతో బ్రతికిన కోట్లమందిని చూడలేదు. దానఫలము ఈ రీతిగనే చేతులు మారుచు పోవును. ఆ మహనీయుని ఆత్మకు శాంతి కలుగుగాక.